పదిహేను రౌండ్ల రోజులు

1971 మార్చి 8 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హెవీవెయిట్ బాక్సర్లు ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మొదటిసారి తలపడ్డప్పుడు మన దగ్గర తెల్లారి, పొద్దు తొమ్మిది దాటింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ, జార్జ్ ఫోర్‌మన్ తెల్లవారుజామున నాలుగింటికి రింగులోకి దిగితే మనకు ఎనిమిదిన్నర. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీ, ఫ్రేజియర్ మూడోసారి ఎదురుపడేసరికి మన ఇళ్లలో ఇడ్లీలు దిగే వేళ. ఆ దశాబ్దపు మూడు మహాయుద్ధాలూ మన ఉదయాల్లోనే జరిగిపోయాయి. ఇక్కడున్నవాళ్లకి చూసే దారే లేదు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977లో. రేడియో వార్తల్లో ఓ వాక్యం, మర్నాటి పేపర్లో నల్లమసి ఫొటో ఒకటి. అంతే. ఆ ఫొటోల్లోని మనుషులు కదలడం మనం వీడియో క్యాసెట్లు వచ్చాకే చూశాం. ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే పదిహేను రౌండ్లూ మొదటినుంచి చివరిదాకా దొరుకుతున్నాయి.

అయినా అప్పటి తగువు మాత్రం ఇంకా తెగలేదు. డెబ్భైల హెవీవెయిట్ చాంపియన్లలో ఎవరు ముందు, ఎవరు తర్వాత?

ఎవరు ఎవర్ని కొట్టారో చూసి వరస పెడదామంటే మొదటి అడుగులోనే చిక్కు. ఫ్రేజియర్ అలీని ఓడించాడు. ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అలీ ఫోర్‌మన్‌ని ఎనిమిదో రౌండ్లో పడుకోబెట్టాడు. కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టాడు. ఆ నార్టన్‌ని ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ముగించాడు. ఆ ఫోర్‌మన్‌ని జిమ్మీ యంగ్ పాయింట్ల మీద ఓడించాడు. ఆ యంగ్‌ని మళ్లీ నార్టన్ ఓడించాడు. గానుగెద్దులా తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం.

పోనీ, గెలుపోటముల సంఖ్యలు చూసి తేలుద్దామా అంటే అవీ పూర్తిగా నమ్మదగ్గవి కావు. 1977లో అమెరికాలో ఏబీసీ టీవీ ప్రసారం చేసిన ఒక పెద్ద టోర్నమెంటు మధ్యలోనే ఆగిపోయింది. అందులో ఆడిన కొందరి ఖాతాల్లో అసలు జరగని పోటీలు గెలుపులుగా చేరాయని బయటపడింది. ఆ తప్పుడు లెక్కలు ఎక్కింది ఏదో ఊరూపేరూ లేని కాగితంలో కాదు, బాక్సింగ్ లోకమంతా ప్రమాణంగా చూసే ‘రింగ్’ పత్రిక రికార్డు పుస్తకంలో. అందుకే వరస పెట్టేటప్పుడు అంకెని పక్కన పెట్టి మూడు సంగతులు చూడాలి. ఎవర్ని కొట్టాడు? కొట్టిన రోజున ఆ ఎదుటివాడు ఏ స్థితిలో ఉన్నాడు? ఎదుటివాడు పెట్టిన చిక్కుముడిని ఎలా విప్పాడు? ‘ఇద్దర్నీ ఒకే రాత్రి నిలబెడితే ఎవడు గెలుస్తాడు’ అన్నది వేరే ప్రశ్న. దాన్నీ దీన్నీ కలిపేయడం వల్లే ఈ తగువు తెగకుండా సాగుతోంది.

పాత ఫిల్ములు చూసేవాళ్లకి ముందు కొన్ని పద్ధతులు చెప్పాలి. మొదటిది, శబ్దం ఆపేయాలి. వ్యాఖ్యాత గొంతు పెరిగిన ప్రతిసారీ మనకు దెబ్బ తగిలినట్టే అనిపిస్తుంది. అలీ చేతులు ఆడించినా జనం అరిచేవారు. గాల్లో పోయిన పంచ్‌కీ, తగిలిన పంచ్‌కీ ఆ అరుపులో తేడా తెలియదు. రెండోది, ఒక కాగితం మీద పదిహేను గీతలు గీసి ప్రతి రౌండ్ అయిన వెంటనే అది ఎవరిదో రాసేయాలి. చివర్లో గుర్తు తెచ్చుకుని రాస్తే ఆఖరి రౌండ్లే మొత్తం లెక్కని మింగేస్తాయి. ఒక్కో రౌండ్‌కి కూడా ఇదే జబ్బు ఉంది. రెండున్నర నిమిషాలు ఊరుకుని ఆఖరి అర నిమిషంలో చకచకా పది పంచ్‌లు వేసి రౌండ్ ఎత్తుకుపోవడం అలీకి వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి మూడు నిమిషాల్ని మూడు ముక్కలుగా చూడండి. ఏ నిమిషంలో ఎవరిది పైచేయో విడిగా గుర్తు పెట్టుకోండి. మూడోది, ముందుకు నడిచినంత మాత్రాన పాయింటు ఇవ్వకూడదు. నడిచి ఏం చేశాడన్నది చూడాలి. నాలుగోది, ఒక్కో ఫైట్‌ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి చేతులు, రెండోసారి పాదాలు మాత్రమే. కెమెరా ఒకవైపే ఉండటంతో పొట్టలో పడే దెబ్బలు సగం మనకు కనిపించవు. అవి తగిలాయని ఎదుటివాడి పాదాలు చెబుతాయి. మడమలు నేలకి అంటుకుపోవడం మొదలైందంటే లోపల పని జరుగుతున్నట్టే.

అప్పటి నిబంధనలు కూడా గుర్తుంచుకోవాలి. టైటిల్ పోటీ అంటే పదిహేను రౌండ్లు. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ రింగులో తిన్న దెబ్బలకి చనిపోయాకే పన్నెండుకి తగ్గింపు మొదలైంది. ఆ మూడు రౌండ్ల తేడా చిన్నది కాదు. పన్నెండుకి సరిపడా ఊపిరి ఉన్నవాడు పదమూడులో చేతులు దించేస్తాడు. ఇంకోటి, క్రూజర్‌వెయిట్ అనే తరగతే అప్పటికి లేదు. 175 పౌండ్లు, అంటే 79 కిలోలు దాటితే చాలు, హెవీవెయిటే. 1971లో ఫ్రేజియర్ బరువు 205న్నర పౌండ్లు, 93 కిలోలు. నేటి లెక్కలో 200 పౌండ్ల దాకా క్రూజర్‌వెయిటే కాబట్టి అతను ఆ గీతకి అయిదున్నర పౌండ్లే పైన. ఇవాళ్టి ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనుషుల పక్కన నిలబెట్టి అతన్ని చిన్నవాడనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక వరస.

మొదటి స్థానం అలీదే. ఇందులో కొత్త సంగతేమీ లేదు. కానీ ఎందుకు అతనిదో చెప్పేటప్పుడు చాలామంది అరవైల నాటి అలీ కాళ్ల గురించి మాట్లాడతారు. ఆ కాళ్లు డెబ్భైల్లో లేవు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు దాకా, మూడేళ్ల ఏడు నెలలు అతన్ని రింగులోకి రానివ్వలేదు. పాతికేళ్ల వయసులో వెళ్లినవాడు ఇరవై ఎనిమిదేళ్లకి తిరిగొచ్చాడు. అట్లాంటాలో జెర్రీ క్వారీతో ఆడినప్పుడు మూడు రౌండ్లకే క్వారీ కనుబొమ తెగి పోటీ ఆగింది కాబట్టి లోటు బయటపడలేదు. అయిదు నెలలు తిరక్కుండానే ఫ్రేజియర్ బయటపెట్టాడు. డెబ్భైల అలీ గొప్పతనం అంతా కాళ్లు పోయాక గెలవడం నేర్చుకోవడంలో ఉంది.

కిన్షాసా ఫైట్‌ని ‘తాళ్లకి ఆనుకుని అలసిపోయేలా చేశాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదటి రౌండ్ చూడండి. అలీ తాళ్ల దగ్గర లేడు. రింగు మధ్యలో నిలబడి, ముందు జాబ్ (ముందున్న ఎడమచేత్తో వేసే చిన్న నేరు దెబ్బ) వేయకుండా నేరుగా కుడిచేత్తో మొదలుపెట్టాడు. కుడిచేయి వెనక ఉంటుంది, ఎక్కువ దూరం ప్రయాణించాలి, వస్తున్నది ఎదుటివాడికి కనబడిపోతుంది. అందుకే మంచి బాక్సర్ మీద ఎవరూ అలా మొదలుపెట్టరు. ఫోర్‌మన్ దాని కోసం సిద్ధమై రాలేదు, తగిలాయి. కానీ పడలేదు. పైగా ఫోర్‌మన్ వెంటపడే పద్ధతి మనం అనుకునేదానికంటే తెలివైనది. అలీ వెనకాలే నడవడు. పక్కకి ఒక అడుగు వేసి దారి మూసేస్తాడు. అలీ రెండడుగులు వేసే చోట అతనికి ఒకటి చాలు. ఆ లెక్కన ఏడెనిమిది రౌండ్లకి అలీ కాళ్లు అయిపోతాయి. రెండో రౌండ్ నుంచి తాళ్ల మీదికి వెళ్లడం ఆ లెక్క అర్థమయ్యాక తీసుకున్న నిర్ణయం.

తాళ్ల దగ్గర ఏం జరిగిందో నిదానంగా చూస్తే తెలుస్తుంది. ఆ వేడికీ తేమకీ పై తాడు సాగి వదులుగా ఉంది. అలీ నడుము పైభాగాన్ని వెనక్కి వాల్చితే తల రింగు బయటికి పోయేది. ఫోర్‌మన్ పంచ్‌లు గుండ్రంగా, వెడల్పుగా తిరిగి వస్తాయి. అవి తల దాకా అందక మోచేతుల మీదా భుజాల మీదా పడేవి. తగిలిన తాకిడిలో కొంత తాడుకి పోయేది. మధ్యలో సందు దొరికినప్పుడల్లా అలీ నేరుగా కొట్టేవాడు. వంగిన దారిలో వచ్చే చేతికంటే నేరుగా వెళ్లే చేయి ముందు చేరుతుంది. దగ్గరికి రాగానే ఎడమచేయి ఫోర్‌మన్ మెడ వెనక వేసి కిందికి లాగి, తన బరువంతా అతని మీద వేలాడదీసేవాడు. 220 పౌండ్ల మనిషి మెడ మీద 216న్నర పౌండ్ల మనిషి పదేపదే వేలాడితే ఏమవుతుంది? దానికి తోడు అంతకు ముందు ఫోర్‌మన్ ఆడిన ఎనిమిది పోటీల్లో ఒక్కటీ రెండో రౌండ్ దాటలేదు. సుదీర్ఘంగా ఆడే అలవాటే తప్పిపోయింది. అయిదో రౌండ్ చివరికి పంచ్ వేశాక అతని చేయి వెనక్కి గడ్డం దాకా రావడం మానేసింది. ఎనిమిదో రౌండ్ ముగియడానికి క్షణాల ముందు అలీ మూల నుంచి పక్కకి తప్పుకుని వరసగా కొట్టాడు. ఎడమ హుక్ (మోచేయి వంచి పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బ) తల ఎత్తింది, కుడిచేయి ముఖం మధ్యలో దిగింది. ఫోర్‌మన్ గుండ్రంగా తిరుగుతూ పడిపోతున్నాడు. అలీ కుడిచేయి ఇంకోసారి ఎత్తే ఉంది. కొట్టలేదు. పడేవాడి చుట్టూ తనూ తిరుగుతూ చూశాడు. ఆ ఎత్తి ఆపిన చేయి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

అంత ప్రేమ ఉన్నా అలీ ఖాతాలోంచి తీసేయాల్సినవి తీసేయాలి. 1976 ఏప్రిల్‌లో జిమ్మీ యంగ్‌తో 230 పౌండ్ల బరువుతో దిగి గెలిచాననిపించుకున్నాడు. ఆ ఏడు సెప్టెంబరులో యాంకీ స్టేడియంలో నార్టన్‌తో మూడో పోటీ, 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ కాగితం మీద గీతలు గీసి చూస్తే సందేహాలు మిగులుతాయి. నార్టన్ మూడో పోటీని నా లెక్కలో నార్టనే గెలిచాడు. షేవర్స్‌తో పోటీలో టీవీ వాళ్లు ప్రతి రౌండ్ తర్వాత జడ్జీల లెక్క తెర మీద వేశారు. అలీ శిక్షకుడు ఏంజెలో డండీ మనిషి లోపల టీవీ చూసి ఎప్పటికప్పుడు కబురు అందించాడు. షేవర్స్ కార్నర్‌కి, అంటే అతని మూలన ఉండే శిక్షకుల బృందానికి, ఆ ఏర్పాటు లేదు. ముందున్నామని తెలిసి ఆడటానికీ తెలియక ఆడటానికీ చాలా తేడా ఉంటుంది. ఆ పోటీ తర్వాత అలీ వైద్యుడు ఫెర్డీ పాచెకో ఇక ఆడొద్దని చెప్పి, మాట వినకపోతే బృందం వదిలి వెళ్లిపోయాడు. ఇవన్నీ తీసేసినా క్వారీ, బోనవెనా, ఎల్లిస్, ఫోర్‌మన్, లైల్ మీద గెలుపులూ, ఫ్రేజియర్ మీద రెండూ మిగులుతాయి. ఇంకెవరి ఖాతాలోనూ ఇలాంటి జాబితా లేదు. 1980 జనవరిలో అలీ మన దేశం వచ్చినప్పుడు ఢిల్లీలో అతనితో ప్రదర్శన పోటీ ఆడిన కౌర్ సింగ్ రెండేళ్ల తర్వాత ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. మన గడ్డకి ఆ తరంతో ఉన్న చుట్టరికం అదీ.

రెండో స్థానం దగ్గరే అసలు పేచీ. నేను ఫ్రేజియర్‌ని పెడతాను. ఫోర్‌మన్ చేతిలో రెండుసార్లు చిత్తయినవాణ్ని ఫోర్‌మన్ పైన ఎలా పెడతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం పెద్దది.

ఫ్రేజియర్ ఎత్తు ఆరడుగులకి అర అంగుళం తక్కువ. దక్షిణ కెరొలైనాలో పుట్టి ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేసినవాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఎడమచేయి పూర్తిగా చాచలేకపోయేవాడు. ఆ వంకరే అతని ఆయుధమైంది. చేయి ఎప్పుడూ హుక్ ఆకారంలోనే ఉంటే వేయడానికి ముందు వంచే పని ఉండదు, ఎదుటివాడికి ముందస్తు కబురు అందదు. అలా పొట్టిగా ఉన్నవాడు దూరం నుంచి ఆడలేడు. తలని ఎడమకీ కుడికీ ఊపుతూ, నడుం దగ్గర వంగుతూ, జాబ్ కిందనుంచి దూరి రావాలి. ఎడమకి వంగినప్పుడు బరువంతా ఎడమ తుంటి మీద చేరుతుంది. లేస్తూ ఆ తుంటిని తిప్పితే హుక్ దానంతటదే వస్తుంది. చేత్తో కొట్టడం కాదది, నేలతో కొట్టడం. కానీ ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఆ ఊపు పుంజుకోవడానికి రెండు మూడు రౌండ్లు కావాలి. చలిలో మోటార్ సైకిల్లాగ ఫ్రేజియర్ నిదానంగా వేడెక్కేవాడు.

1971 పోటీలో పదిహేనో రౌండ్ మొదట్లో అలీని పడేసిన హుక్ యాదృచ్ఛికం కాదు. ఫ్రేజియర్ కార్నర్లో శిక్షకుడు యాంక్ డర్హామ్ పక్కన సహాయకుడు ఎడీ ఫచ్ ఉన్నాడు. అలీ కుడిచేత్తో అప్పర్‌కట్, అంటే కిందనుంచి పైకి లేపే దెబ్బ, వేయబోయే ముందు ఆ చేతిని కిందికి దించుతాడని ఫచ్ ముందే కనిపెట్టాడు. ఆ చేయి దిగిన క్షణంలో గడ్డం కుడివైపు కాపలా ఉండదు. అక్కడే ఎడమ హుక్ వేయాలి. ఫ్రేజియర్ పదకొండో రౌండ్లో అలీని తూలేలా కొట్టాడు, పదిహేనులో సరిగ్గా ఆ సందులోంచి కొట్టాడు. ఆ క్షణాన్ని ఆపి చూడండి, అలీ కుడి గ్లోవ్ నడుము దగ్గర ఉంటుంది. కింద పడ్డ అలీ వెంటనే లేచాడు. అది అలీకి దక్కాల్సిన మెప్పు. జడ్జీల లెక్కలో ముగ్గురివీ ఫ్రేజియర్‌కే: రెఫరీ మెర్కాంటేది 8-6, ఒకటి సమానం. మిగతా ఇద్దరివి 9-6, 11-4. న్యూయార్క్‌లో అప్పుడు రౌండ్ల లెక్కే. కొద్దిలో గెలిచినా, ఎదుటివాణ్ని నేలకూల్చి గెలిచినా ఒక రౌండ్ ఒక్కటే. రౌండ్ గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది ఇచ్చి, కింద పడితే ఇంకొకటి తగ్గించే ఇప్పటి పది పాయింట్ల పద్ధతిలో ఆ పదిహేనో రౌండ్ 10-8 అవుతుంది.

ఆ రాత్రికి అలీ ఖాతా 31-0, ఫ్రేజియర్‌ది 26-0. ఓటమి ఎరగని ఇద్దరు, ఇద్దరూ చాంపియన్లమని చెప్పుకునే హక్కున్నవాళ్లు, పూర్తి పదిహేను రౌండ్లు. ఆ దశాబ్దంలో అంతకంటే పెద్ద గెలుపు, కిన్షాసా ఒక్కటి తప్ప, లేదు. కానీ ఫ్రేజియర్ దానికి చెల్లించిన వెల చాలా ఎక్కువ. పోటీ తర్వాత ఆసుపత్రిలో పడ్డాడు. తర్వాత ఇరవై రెండు నెలల్లో ఆడింది రెండే, టెర్రీ డేనియల్స్‌తో, రాన్ స్టాండర్‌తో. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ ముందు నిలబడేసరికి బరువు 214, న్యూయార్క్ కంటే ఎనిమిదిన్నర పౌండ్లు ఎక్కువ. నిదానంగా వేడెక్కేవాడు, పైగా వంగుతూ ముందుకే వచ్చేవాడు. ఫోర్‌మన్‌కి కావాల్సింది సరిగ్గా అదే. రెండు చేతులూ చాచి ఫ్రేజియర్ భుజాల్ని వెనక్కి తోసి, మళ్లీ వంగి వస్తుంటే కిందనుంచి కుడి అప్పర్‌కట్. మొదటి రౌండ్లో మూడుసార్లు, రెండో రౌండ్లో మూడుసార్లు. ప్రతిసారీ లేచాడు. 1976 జూన్‌లో రెండోసారి అయిదు రౌండ్లు నిలిచాడు గానీ అప్పటికి మనీలా అయిపోయింది. అంటే ఫోర్‌మన్ గెలుపుల్లో ఒకటి ఒళ్లు బరువెక్కిన ఫ్రేజియర్ మీద, ఇంకోటి మనీలాలో కాలిపోయిన ఫ్రేజియర్ మీద. 1971 మార్చి నాటి ఫ్రేజియర్‌ని ఫోర్‌మన్ కొట్టగలిగేవాడా? కొట్టేవాడనే నా నమ్మకం. ఆ అప్పర్‌కట్‌కి ఫ్రేజియర్ దగ్గర జవాబు ఎప్పుడూ లేదు. అయినా జరగని పోటీకి మార్కులు వేయలేం.

మనీలా గురించి ఒక్క మాట. ఫ్రేజియర్ ఎడమ కంటికి శుక్లం ఉంది, ఏళ్ల తరబడి దాచుకున్నాడు. ఆ రోజు పన్నెండో రౌండ్ దాటేసరికి మంచి కన్ను, కుడిది, వాచి మూసుకుపోయింది. మిగిలింది మసకబారిన ఎడమ కన్ను. అలీ కుడిచేయి వచ్చేదీ ఆ వైపు నుంచే. పదమూడు, పద్నాలుగు రౌండ్లలో ఆ కుడిచేతి దెబ్బలు ఫ్రేజియర్ అసలు చూడలేదు. అందుకే తల తిప్పలేదు. తెలియనివాళ్లు ‘అలసిపోయాడు’ అంటారు. కాదు, కనబడలేదు. ముగ్గురి లెక్కలోనూ అలీయే ముందున్నాడు. పద్నాలుగు తర్వాత ఎడీ ఫచ్ పోటీ ఆపేశాడు. ఫ్రేజియర్ లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు. శిక్షకుడి పని ఏమిటో చూడాలనుకునేవాళ్లకి ఆ కొద్ది క్షణాల ఫిల్ము చాలు.

మూడు, ఫోర్‌మన్. 1973 జనవరి నుంచి 1974 అక్టోబరు దాకా ఇరవై ఒక్క నెలలు చాంపియన్. రెండుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు: టోక్యోలో జో రోమన్‌ని ఒక్క రౌండ్లో, కరకస్‌లో నార్టన్‌ని రెండు రౌండ్లలో. ఆ ఇరవై ఒక్క నెలల్లో అతన్ని చూసి భయపడనివాడు లేడు. అసలు బలహీనత ఓటమి తర్వాత తెలిసింది. 1976 జనవరిలో లాస్ వెగాస్‌లో రాన్ లైల్‌తో ఆడింది బాక్సింగ్ కంటే కొట్లాట. నాలుగో రౌండ్లో ఫోర్‌మన్ రెండుసార్లు, లైల్ ఒకసారి నేల కరిచారు. అయిదో రౌండ్లో లైల్ పడి లేవలేదు. ధైర్యానికి లోటు లేదని ఆ రోజు తేలింది. కానీ ఏడాది తర్వాత శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ ఏం చేశాడో చూడండి. ఏడో రౌండ్లో యంగ్ పడిపోయేలా తూలాడు. ఫోర్‌మన్ వెంటపడి గుడ్డిగా కొట్టి, ముగించలేక ఊపిరి పోగొట్టుకున్నాడు. పన్నెండో రౌండ్లో తనే కింద పడ్డాడు. కిన్షాసాలో జరిగిందే మళ్లీ జరిగింది. ఊపిరిని దాచుకోవడం అతను నేర్చుకోలేదు. నేర్చుకున్నది చాలా తర్వాత. పాస్టరుగా పదేళ్లు గడిపి తిరిగొచ్చి, 1994లో నలభై అయిదేళ్ల వయసులో మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో పడేసి చాంపియనయ్యాడు. ఆ ఫోర్‌మన్ కూర్చుని ఊపిరి తీసుకోవడానికి బదులు విరామాల్లో నిలబడే ఉండేవాడు, ఒక్కో పంచ్ లెక్కపెట్టి వేసేవాడు. కానీ అది ఈ దశాబ్దం లెక్కలోకి రాదు.

జిమ్మీ ఎల్లిస్ 1970 ఫిబ్రవరిలోనే ఫ్రేజియర్‌కి టైటిల్ అప్పగించాడు కాబట్టి ఈ దశాబ్దంలో అతని ఏలుబడి ఆరేడు వారాలే. లియాన్ స్పింక్స్ తన ఎనిమిదో పోటీలోనే, 1978 ఫిబ్రవరిలో, అలీని ఓడించాడు. ఏడు నెలలకి న్యూ ఆర్లియన్స్‌లో తిరిగి ఇచ్చేశాడు. చాంపియన్ కాలేకపోయినా యంగ్, క్వారీ, లైల్, షేవర్స్ వీళ్లిద్దరికంటే మంచి బాక్సర్లు. చాంపియన్ల వరస అన్నాం కాబట్టి వాళ్లకి ఇక్కడ చోటు లేదు.

నాలుగు, అయిదు స్థానాలు ల్యారీ హోమ్స్, కెన్ నార్టన్. మొత్తం జీవితం చూస్తే హోమ్స్ రెండో స్థానం అడగొచ్చు. ఇరవైసార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడు. కానీ అందులో ఎక్కువ ఎనభైల్లోవి. నార్టన్ సంగతి చెబితేగానీ హోమ్స్ సంగతి అర్థం కాదు.

నార్టన్ రెండు చేతుల్నీ ముఖం ముందు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి కత్తెరలా పెట్టుకునేవాడు. జాబ్‌లు ఆ చేతుల్లోనే చిక్కుకునేవి. కుడికాలు ఈడుస్తూ ముందుకి వచ్చేవాడు. ఆ లయ ఎవరికీ అందేది కాదు. 1973 మార్చి 31న శాన్ డియేగోలో అతని కార్నర్‌లోనూ ఎడీ ఫచ్చే. ఫచ్ చెప్పింది ఒకటే: అలీ జాబ్ వేసేటప్పుడు నువ్వూ జాబ్ వెయ్యి. అలీ కుడిచేతిని బుగ్గకి ఆనించకుండా పక్కకి పెట్టుకుంటాడు కాబట్టి నీ జాబ్‌ని అడ్డుకోవడానికి అది సమయానికి రాదు. అలాగే జరిగింది. దవడ మొదట్లోనే విరిగిందని అలీ వైపువాళ్లు, చివర్లో విరిగిందని నార్టన్ చెప్పుకున్నారు. కానీ ఆ అడ్డం చేతుల గార్డ్‌కి పైనుంచి తిరిగొచ్చే దెబ్బకీ, కిందనుంచి లేచే దెబ్బకీ దారి ఉంది. పైగా ఒత్తిడి పెడితే నార్టన్ నేరుగా వెనక్కే వెళ్లేవాడు. అందుకే ఫోర్‌మన్ రెండు రౌండ్లలో, షేవర్స్ 1979లో ఒక్క రౌండ్లో, గెర్రీ కూనీ 1981లో యాభై నాలుగు సెకన్లలో అతన్ని ముగించారు. నేర్పున్నవాళ్లతో పదిహేను రౌండ్లు, బరువు చేతులవాళ్లతో రెండు రౌండ్లు. అతని జాతకం అదీ.

1978 జూన్ 9న లాస్ వెగాస్ సీజర్స్ ప్యాలెస్‌లో నార్టన్, హోమ్స్. స్పింక్స్ నుంచి డబ్ల్యూబీసీ (ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్) టైటిల్ తీసి నార్టన్‌కి ఇచ్చారు. టైటిల్ పోటీ ఒక్కటీ గెలవకుండానే చాంపియన్ అయ్యాడు. దాన్ని నిలబెట్టుకోవాల్సిన మొదటి పోటీ ఇదే. హోమ్స్ అలీ దగ్గర సాధనలో ఎదురుగా నిలబడి పెరిగినవాడు. అతని జాబ్ అలీ జాబ్ కంటే బరువైనది, వేసిన దారిలోనే వెనక్కి భుజం దాకా వస్తుంది. ఆ జాబ్ వేసే ఎడమచేతి కండరమే పోటీకి కొద్ది రోజుల ముందు దెబ్బతింది. దాంతోనే దిగాడు. మొదటి సగం హోమ్స్‌ది, తర్వాత నార్టన్ పొట్ట మీద పనిచేస్తూ దగ్గరయ్యాడు. పద్నాలుగు రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల కాగితాల మీదా చెరి ఏడు, 133-133. ఆఖరి రౌండ్ మొదట్లో నార్టన్ కొట్టాడు. మధ్యలో హోమ్స్ అందుకున్నాడు. చివరి నిమిషంలో ఇద్దరూ గార్డ్ వదిలేసి ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నారు.  ఇద్దరు జడ్జీలు హోమ్స్‌కి 143-142, ఒకరు నార్టన్‌కి 143-142.